వారానికి ఒక్క పరుగు

మూత 171వ రోజు, సోమవారం

పది గుర్రాల ముంగాళ్లు కొలిచాను. అన్నీ నాలుగేళ్ల లోపువి. మోకాలి కింద నిలువుగా ఉండే ఎముక మీద జిగురు రాసి, పరికరం ఆనించి, శబ్దం పంపిస్తాం. గట్టి ఎముకలోంచి శబ్దం తొందరగా దాటుతుంది. ఆ వేగాన్ని పరికరం నూటికి ఇంత అని చూపిస్తుంది. ఇవాళ ఎక్కువ వచ్చింది 46. తక్కువ 41. ఈ ఏటి నుంచి పైకి వెళ్లాలంటే 60 ఉండాలని పాలక సంఘం తీర్మానించింది.

ఎండలకు మూసిన పై తలుపు తెరవడానికి ఇంకా నూట ముప్పై రోజులు. ఇవాళ పైన 53 డిగ్రీలని గోడ మీది బోర్డు చూపిస్తోంది. గుర్రాల కొట్టముండే మూడో లెవెల్లో 29. బొగ్గు అయిపోయిన గనిలో మనుషులు కాపురం పెట్టి ఇది ముప్పై నాలుగో ఏడు. గుర్రాలు వచ్చి పంతొమ్మిదేళ్లు.

తలుపు తెరిచి ఉండే అరవై ఐదు రోజుల్లో ఊరికీ ఊరికీ మధ్య మందులు, విత్తనాలు మోసేది ఈ గుర్రాలే. మొదటి వారంలో పందెం పెడతారు. అందులో ముందు వచ్చినవాటికి దూరపు దారులు ఇస్తారు. కిందటేడు పందెంలో రెండు గుర్రాలకు కాళ్లు విరిగాయి. వాటిలో ఒకదాని మీదున్న నజ్నీన్‌కి తుంటి ఎముక చితికింది. ఆమె ఇక గుర్రమెక్కదు. ఆ రెండు గుర్రాలూ పైకి వెళ్లడానికి పనికొస్తాయని సంతకం పెట్టింది నేను.

ఈసారి 60 రాని గుర్రానికి పైకి దారి లేదు. మేత కూడా ఆపేస్తారు. దీపాల కింద పెంచే గడ్డి పనిచేసే గుర్రాలకే చాలడం లేదు.

మూత 172వ రోజు

గుర్రాలకు శిక్షణ ఇచ్చే ఓదెలు మామతో మాట్లాడాను. ఆయనకు అరవై ఒకటి. పంతొమ్మిదేళ్లుగా రోజూ రెండు గంటలు గుర్రాలను తిరుగుడు పట్టా మీద నడిపిస్తున్నాడు.

నేను చెప్పింది ఇది: నడక వల్ల ఎముక గట్టిపడదు. ఎముక మీద గట్టి దెబ్బ లాంటి బరువు పడాలి. ఆ బరువు పరుగులోనే పడుతుంది. పరుగు పొడుగ్గా ఉండక్కర్లేదు, తొంభై మీటర్లు చాలు. వారానికి ఎన్నిసార్లు అన్నదే నాకు తెలియదు. తెలుసుకోవాలి.

"తొంభై మీటర్లు ఉరికితే బొక్క గట్టిపడ్తదా? ఎవలు జెప్పిన్రు నీకు?" అన్నాడు.

"పాత పుస్తకాల్లో ఉంది మామా. కొలిచి చూద్దామనే అడుగుతున్నా."

"రోజు నడిస్తెనే కాలు కుదురుకుంటది. నా కండ్లతోటి జూసిన. గా మిషిన్ పుట్టకముందు నుంచి జూస్తున్న."

"కిందటేడు రెండు కాళ్లు విరిగాయి కదా."

ఆయన "చెయ్యి నీ ఇష్టం. కాని చినుకును నాకిడిసిపెట్టు. దాన్ని నా లెక్కనే జేస్త" అన్నాడు.

చినుకు మూడేళ్ల ఆడగుర్రం. బూడిద రంగు. ఇవాళ దాని సంఖ్య 43.

మూత 173వ రోజు

గాలి విభాగం అధికారి ప్రభుదాస్ గారు వారానికి తొమ్మిది గంటల ఫ్యాను ఇచ్చారు. మూడో లెవెల్లో పరుగు పెట్టే సొరంగం అవతలి కొస మూసుకుపోయి ఉంటుంది. గుర్రం పరుగెత్తితే అక్కడి గాలి చెడుతుంది. అందుకని ఒక్కో గుర్రం పరుగుకీ ఇరవై నిమిషాలు రెండో ఫ్యాను తిరగాలన్నది రూలు. తొమ్మిది గంటలంటే ఇరవై ఏడు పరుగులు.

ఇలా పంచాను. మూడు గుర్రాలు వారానికి ఒక రోజు. మూడు గుర్రాలు మూడు రోజులు. మూడు గుర్రాలు ఐదు రోజులు. ఒక్కో రోజుకు ఒకే పరుగు. చినుకుకు పరుగు లేదు, రోజూ రెండు గంటల నడక. ఎవరికి ఏది అన్నది చీటీలు వేసి తీశాం. తీసింది షాహీన్, నజ్నీన్ చెల్లెలు. ఈ ఏడు అక్క బదులు స్వారీ చేసేది ఆమే. ఇరవై మూడేళ్లు.

"వారానికి ఒక్కరోజొచ్చిన మూడూ పాపం గదా అక్కా?" అంది.

తెలియదన్నాను.

మూత 199వ రోజు, సోమవారం

నాలుగు వారాలకు మూడు గుంపులూ పెరిగాయి. తేడా నేను అనుకున్నంత లేదు. కొలతలో పొరపాటేమో అని మళ్లీ కొలిచాను. అదే వచ్చింది.

చినుకు 43. మారలేదు.

మూత 227వ రోజు, సోమవారం

ఎనిమిది వారాలు పూర్తయ్యాయి.

వారానికి ఐదు రోజులు పరుగెత్తినవి: 59, 60, 61.
మూడు రోజులు: 58, 59, 60.
ఒక్క రోజు: 56, 57, 58.
చినుకు: 42.

ఐదు రోజుల గుర్రాలు ఎనిమిది వారాల్లో నలభై సార్లు పరుగెత్తాయి. ఒక్క రోజువి ఎనిమిది సార్లు. అయినా తేడా మూడు. వారానికి ఒక్కసారి పరుగెత్తిస్తే చాలావరకు పని అయిపోతోంది. మిగతా రోజుల పరుగు వల్ల వచ్చేది కొంచెమే. అసలు పరుగెత్తకపోవడం ఒక్కటే నష్టం.

కాగితం తీసుకెళ్లి ఓదెలు మామకు చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని పై నుంచి కింది దాకా చూశాడు.

"నలభై రెండా?"

"అవును."

"నేను మొదలువెట్టినప్పుడు నలభై మూడుండె."

"అవును మామా."

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "రేపట్నించి దీన్ని గూడ ఉరికియ్యి. వారానికొక్కసారి" అన్నాడు. చినుకు దగ్గరికి వెళ్లలేదు. ఆ రోజు నడిపించలేదు కూడా.

మూత 229వ రోజు

పొద్దున రెండో ఫ్యాను ఆగిపోయింది. లోపలి బేరింగ్ అరిగి విరిగిందట. విడిభాగం పొరుగు ఊరి నుంచి రావాలి. అంటే తలుపు తెరిచాకే. ఉన్న ఒక్క ఫ్యాను మనుషులుండే లెవెల్స్‌కి చాలాలి.

గుర్రాల పరుగులు నిలిపేశారు. చినుకు ఒక్కసారి కూడా పరుగెత్తలేదు.

మూత 250వ రోజు

మూడు వారాలు పరుగు లేదు. గుర్రాలు రోజుకు ఇరవై రెండు గంటలు కొట్టంలో, రెండు గంటలు పట్టా మీద ఉంటున్నాయి.

ఐదు రోజులవి: 57, 58, 58. మూడు రోజులవి: 56, 56, 58. ఒక్క రోజువి: 54, 54, 55. చినుకు 42.

కష్టపడి పెంచిన ఎముక నిలవ ఉండదు. వాడకపోతే ఒళ్లు దాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఈ లెక్కన తలుపు తెరిచేనాటికి పదిలో ఒక్కదానికీ 60 ఉండదు.

మూత 252వ రోజు

ఓదెలు మామ, నేను ప్రభుదాస్ గారి దగ్గరికి వెళ్లాం. వారానికి మూడున్నర గంటలు చాలు, పదింటినీ ఒక్కోసారి పరుగెత్తిస్తాం అని అడిగాను.

"మూడున్నర నిమిషాలు కూడా లేవమ్మా. ఆస్పత్రి లెవెల్‌కే అరకొరగా పంపుతున్నాను" అన్నారు.

ఓదెలు మామ అడిగాడు: "సార్, గుర్రం గా తొంభై మీటర్లు ఎంతసేపు ఉరుకుతది?"

"నాకెట్లా తెలుస్తుంది?"

"ఎనిమిది సెకన్లు. గడియారం వట్టి జూసిన. ఎనిమిది సెకన్లకు ఇరవై నిమిషాల గాలెందుకు సార్?"

ప్రభుదాస్ గారు కుర్చీలో వెనక్కి జరిగారు. "పదకొండేళ్ల కింద అదే సొరంగంలో నాలుగు గుర్రాలను అరగంట ఉరికించారు. ఆ కొసకు నిలబడ్డ మనిషి పడిపోయాడు. పేరు రాజమల్లు. మోసుకొచ్చిన నలుగురిలో నేనొకణ్ణి. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. ఓదెలూ, ఆ రూలు రాసింది నేను. నువ్వు సెకన్ల లెక్క చెప్పకు."

బయటికి వచ్చాక ఓదెలు మామ, "అరగంట ఉరికిచ్చిన్రు గదా, గందుకే పొయ్యిండు" అన్నాడు. నాతో అన్నట్టు లేదు.

మూత 262వ రోజు, సోమవారం

ఇవాళ్టి కొలతలు అర్థం కాలేదు. తగ్గాల్సినవి తగ్గలేదు. రెండు గుర్రాలకు ఒకటి పెరిగింది. చినుకు 44.

పరికరాన్ని కొలత దిమ్మె మీద సరిచూశాను. బాగానే ఉంది. షాహీన్‌ని పిలిచి అడిగాను. తల వంచుకుని చినుకు జూలు దువ్వుతూ ఉండిపోయింది.

"నన్నడగకక్కా. మామనడుగు."

ఓదెలు మామ పట్టా దగ్గర తోలు పటకాలకు నూనె రాస్తున్నాడు. అడగగానే చెప్పాడు.

"ఆదివారం లెవెల్ల ఎవ్వలుండరు. ఉడకబెట్టిన ఉలవల బకెట్ పట్టుకొని నేను ఆ కొసకు నిలవడ్త. షాహీన్ ఈ కొసకు గుర్రాన్ని ఇడిసిపెడ్తది. ఉలవల వాసనకు దానంతటదే ఉరికొస్తది. మీద మనిషి లేడు. ఒక్కటొచ్చినంక గంట ఆగుత. మళ్ల ఇంకోటి. రెండు ఆదివారాలాయె."

"పది గుర్రాలకు పది గంటలు మీరు ఆ కొసన నిలబడ్డారా?"

"మధ్యమధ్యల బయటికొచ్చిన."

"ఫ్యాను లేకుండా."

"లేకుండనే."

నేను పరికరం పెట్టె మూసేశాను. "మామా, కొలతల పుస్తకం వారం వారం సంఘానికి వెళ్తుంది. సంఖ్యలు ఎందుకు పెరిగాయో రాయాలి."

"రాయి."

"రాస్తే మిమ్మల్ని కొట్టం నుంచి తీసేస్తారు."

"ఎరుకే. నువ్వు రాయకపోతే నేను జేసింది ఎవలికి తెలుస్తది? నా ఒక్కనికి తెలిస్తె ఏం ఫాయిదా? నాకు పంతొమ్మిదేండ్ల సంది నడకే తెలుసు. తప్పు తెలిసింది. బుక్కుల ఉంటెనే ఇంకోనికి తెలుస్తది." పటకా పక్కన పెట్టాడు. "కాని ఇట్ల రాయకు, చెప్పుడు మాటల లెక్క. వచ్చే ఆదివారం రా. నీ గాలి మీటర్ పట్టుకొని రా. ఉన్నదున్నట్టు రాయి."

మూత 268వ రోజు, ఆదివారం

సొరంగం మూసిన కొసన ఓదెలు మామ పక్కన నిలబడ్డాను. దుమ్ము లేవకుండా ఇసుక మీద నీళ్లు చల్లి ఉంది. రాసుకున్నవి ఇవి.

మొదటి పరుగుకు ముందు ప్రాణవాయువు నూటికి 19.6. పరుగు ఎనిమిదిన్నర సెకన్లు. తరవాత 19.5. గంట ఆగాక మళ్లీ 19.6.

పది గుర్రాలకూ ఇంచుమించు ఇవే అంకెలు. ఒక్కసారి మాత్రం, ఆరో గుర్రం తిరిగి వెళ్లనని మొరాయించి అక్కడే ఏడు నిమిషాలు నిలబడినప్పుడు, 19.3 కి వచ్చింది. ప్రమాదపు గీత 19.

చినుకు పదోది. షాహీన్ అవతలి కొసన తాడు వదలడం దీపం వెలుగులో కనిపించింది. మొదట నాలుగు అడుగులు నడిచింది. తరవాత చెవులు వెనక్కి వాల్చి వచ్చింది. తొంభై మీటర్లలో ఆఖరి ముప్పై మీటర్లు నేల అదరడం నా చెప్పుల్లోంచి తెలిసింది. బకెట్ ముందు ఆగి, ఊపిరి గట్టిగా వదిలి, మూతి ముంచేసింది.

"ఇదీ బుక్కుల రాయి" అన్నాడు ఓదెలు మామ.

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల తిరుగుతోందా అని అడిగాను. లేదన్నాడు. రెండోసారి అడిగితే, కాళ్లు గుంజుతున్నాయన్నాడు. పది గంటలు నిలబడితే ఎవరికైనా గుంజుతాయి.

మూత 269వ రోజు, సోమవారం

అన్నీ రాసి పంపాను. మధ్యాహ్నం ప్రభుదాస్ గారు వచ్చారు. నా పుస్తకం చేతిలోనే ఉంది. ఓదెలు మామను పేరు పెట్టి పిలిచి, అందరి ముందు చెప్పారు.

"రూలు తప్పావు. తలుపు తెరిచి మళ్లీ మూసేదాకా నీకు కొట్టంలో పని లేదు. పైకి వెళ్లడానికీ లేదు. రేపట్నుంచి ఐదో లెవెల్లో నీళ్లు తోడే పంపుల దగ్గర పని."

"సరే సార్."

"సరే అంటావేంటి? ఆ కొసన నువ్వు పడిపోతే ఎవరు చూసేవాళ్లు?"

"షాహీనుండె సార్."

"ఆ పిల్ల తొంభై మీటర్లు వచ్చేసరికి?" ప్రభుదాస్ గారు పుస్తకం తెరిచి మళ్లీ మూశారు. నా వైపు తిరిగారు. "గంటకు ఒక్క గుర్రం. మీద మనిషి ఉండకూడదు. ఒక్కో గుర్రానికి వారానికి ఒక్క పరుగు. మీటర్ పట్టుకుని మీరు పక్కన ఉండాలి. 19.3 వస్తే ఆ రోజుకి ఆపేయాలి. ఈ పద్ధతికి ఫ్యాను అక్కర్లేదని రాసి పంపిస్తాను."

ఓదెలు మామ ఉలవల బకెట్ షాహీన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు.

మూత 283వ రోజు, సోమవారం

అన్నీ పెరుగుతున్నాయి. చినుకు 51. మొదట తక్కువ ఉన్నందుకేమో, అన్నిటికన్నా వేగంగా పెరుగుతోంది. వారం మధ్యలో ఇంకో పరుగు పెట్టిద్దామా అని షాహీన్ అడిగింది. రూలు ఒప్పుకోదు. ఒప్పుకున్నా, రెండో పరుగు వల్ల వచ్చేది కొంచెమేనని మా లెక్కలే చెప్పాయి. ఎముక కట్టుకోవడానికి రోజులు కావాలి. తొందరపెడితే కట్టుకోదు.

మూత 297వ రోజు, సోమవారం

ఆఖరి కొలతలు. సంఘం తరఫున ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒక్కోదాన్ని మూడుసార్లు కొలిచి సగటు తీశాను.

తొమ్మిది గుర్రాలకు 60, ఆ పైన. వారానికి ఒక్క రోజు గుంపులో మూడూ గట్టెక్కాయి.

చినుకు 57.

వచ్చినవాళ్లలో ఒకాయన, "మూడే కదా తక్కువ, వేసెయ్యండి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను 57 అని రాశాను. కిందటేడు కొలవకుండా పెట్టిన సంతకం గురించి ఆయనకు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

సాయంత్రం షిఫ్టు మారాక ఐదో లెవెల్‌కి వెళ్లాను. పంపుల చప్పుడులో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"యాభై ఏడు, మామా."

ఆయన పంపు ఆపాడు. చప్పుడు తగ్గాక నీళ్లు కారడం వినిపించింది.

"ఎనిమిది వారాలు అందరి లెక్క అదీ ఉరికితే ఇయ్యాల ఎంతుండు?"

"అరవై రెండు ఉండేదేమో. చెప్పలేను."

"నా మొండితనం దాని మెడకు సుట్టుకున్నది." మళ్లీ పంపు వేశాడు. నేను వచ్చేశాను.

మూత 298వ రోజు

సంఘానికి కాగితం రాశాను. చినుకు ఏడు పరుగుల్లో 42 నుంచి 57 కి వచ్చింది. ఇంకో మూడు వారాలు మేత ఇస్తే మూడు పరుగులు పెట్టించి కొలుస్తాను. తలుపు అప్పటికి తెరిచే ఉంటుంది. పందెం అయిపోయినా మందుల పని ఉంటుంది.

మూత 300వ రోజు

ఒప్పుకున్నారు. సిఫార్సు చేస్తూ కింద ప్రభుదాస్ గారి సంతకం ఉంది. నేను ఆయన్ని అడగలేదు.

తెరిచిన 5వ రోజు

పైన పందెం జరిగింది. పొద్దున 31 డిగ్రీలు. నాలుగు గని ఊళ్ల గుర్రాలు, మొత్తం ముప్పై ఒకటి. మావి తొమ్మిది. షాహీన్ ఎక్కినది నాలుగో స్థానంలో వచ్చింది. వారానికి ఒక్క రోజు గుంపులోది. మావాటిలో ఏదీ మొదట రాలేదు.

పొరుగు ఊరి గుర్రం ఒకటి మలుపులో పడింది. కాలు విరిగింది. దాని మీదున్న కుర్రవాడికి దెబ్బలు తగిలాయి, ప్రాణానికి ఏమీ లేదు. వాళ్ల శిక్షకుడు వచ్చి మీ గుర్రాలకు ఏం పెడుతున్నారని అడిగాడు. మేత సంగతి అడుగుతున్నాడు. వారానికి ఒక్క పరుగు అన్నాను. నమ్మలేదు. పుస్తకం నకలు ఇచ్చాను.

మా తొమ్మిదీ తమ కాళ్ల మీద కిందికి దిగాయి. పంతొమ్మిదేళ్లలో మా గుర్రం ఒక్కటీ పోకుండా పందెం ముగియడం ఇది మూడోసారి.

నజ్నీన్ కర్రల మీద దారి మలుపు దాకా వచ్చి చూసింది. చెల్లెలు దిగగానే, "మలుపుల ఎందుకు గుంజినవ్ కళ్లెం?" అని తిట్టింది.

తెరిచిన 18వ రోజు, సోమవారం

చినుకు 61. మూడుసార్లూ 61.

ఆస్పత్రి వాళ్లు ఎదురుచూస్తున్నారు. పడమటి ఊరికి ఇన్సులిన్ అయిపోవచ్చింది. ఇరవై రెండు కిలోమీటర్లు, రాళ్ల దారి. మిగతా తొమ్మిదీ వేరే దారుల్లో ఉన్నాయి. రేపు పొద్దున చినుకు వెళ్లాలి. షాహీన్ వెళ్తుంది.

తెరిచిన 19వ రోజు

ఓదెలు మామ పంపుల పనికి వెళ్లే ముందు, పై తలుపుకు వెళ్లే వాలు దారి దగ్గరికి వచ్చాడు. అక్కడిదాకా రావడానికి రూలు అడ్డు చెప్పదు. పైనుంచి ఎండ వచ్చి పడే చోట నేల మీద వెలుగు గీత ఉంటుంది. ఆయన దానికి ఇవతల ఆగాడు. షాహీన్ గుర్రాన్ని గీత దాటించి, తరవాత ఎక్కింది. డెక్కల చప్పుడు వినిపించినంతసేపు ఆయన అక్కడే ఉండి, తరవాత తన షిఫ్టుకు వెళ్లిపోయాడు.

తెరిచిన 20వ రోజు

చినుకు సాయంత్రం నాలుగూ నలభైకి తిరిగొచ్చింది. మందులు చేరాయి. పోను రాను నలభై నాలుగు కిలోమీటర్లు. మధ్యలో ఒక వాగు దాటారట. కుంటు లేదు.

ఎముకలో కంటికి కనిపించని చీలిక వస్తే, కుంటు మొదలయ్యే ముందే ఆ చోట కాలు వేడెక్కుతుంది. పరికరం తేవడానికి కొట్టంలోకి వెళ్లాను. వచ్చేసరికి ఓదెలు మామ పంపుల దగ్గర్నుంచి వచ్చి చినుకు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు కొట్టంలో పని లేదు. కానీ ఇది కొట్టం కాదు, దారి. ప్రభుదాస్ గారు అక్కడే ఉన్నారు. ఆయన అటు తిరిగి గోడ మీద ఉష్ణోగ్రతల బోర్డు చదువుతున్నారు.

ఓదెలు మామ ముందు ఎడమ కాలు పట్టుకున్నాడు. మోకాలి నుంచి గిట్ట దాకా అరచెయ్యి నెమ్మదిగా జార్చాడు. కుడి కాలు. వెనక రెండూ. మళ్లీ మొదటి కాలు. నేను పరికరం ఆన్ చేయకుండా నిలబడ్డాను.

"ఎట్లున్నయ్ మామా?" అంది షాహీన్.

ఆయన చెయ్యి ఆ కాలి మీదే ఉంచాడు.

"సల్లగున్నయ్ బిడ్డా. నాలుగూ సల్లగున్నయ్."